కుందేలు, చలిపెట్టె, మన గ్రాట్యుటీ
(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పావుగంట మాట్లాడమన్నారు. డి.ఏ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. ఆ సంగతులు నాకంటె బాగా తెలిసినవారు ఈ వేదికమీదనే ఉన్నారు. నేను కుందేలు గురించి మాట్లాడదలచుకున్నాను. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే కుందేలు వీర్యాన్ని గడ్డకట్టించి, నిలవచేసి, దానితో కృత్రిమ గర్భోత్పత్తి చేసే పద్ధతి గురించి. ఆడవాళ్ళు, పిల్లలు ఉన్న సభలో ఇదేమి మాట అని ఎవరైనా అనుకుంటే మన్నించాలి. పశుసంవర్ధక శాఖలో ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడికి ఆ మాట ఇండెంటు, వోచరు వంటిదే.

ఈ విషయం ఇప్పుడెందుకంటే, మన సభ్యుల ఇళ్ళకు ఈమధ్య ఒక రంగుల కరపత్రం వస్తోంది. కుందేళ్ళ యూనిట్లో డబ్బు పెట్టండి, విదేశాలనుంచి తెప్పించిన మేలుజాతి ఘనీకృత వీర్యంతో పిల్లలను పుట్టించి మేమే కొనుక్కుంటాము, నెలనెలా మీకు ఇంత ముడుతుంది అని దాని సారాంశం. "మీరు ఆ శాఖలో పనిచేశారు గదా, ఇందులో నిజమెంత?" అని నన్ను నలుగురైదుగురు అడిగారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటె సభాముఖంగా చెప్పడం మంచిదనిపించింది. నేను డాక్టరును కాను. డాక్టర్లవద్ద విన్నది, ఫైళ్ళలో చదివినది, రిటైరైన తరువాత తీరిగ్గా పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది చెబుతాను.

ముందు కాస్త చరిత్ర. ఇటలీ దేశంలో స్పల్లాంజానీ అనే మతగురువు 1780లో ఒక ఆడకుక్కకు మగకుక్క ప్రమేయం లేకుండా వీర్యం ఎక్కించి పిల్లలను పుట్టించాడు. కృత్రిమ గర్భోత్పత్తికి అది నాంది. వీర్యాన్ని గడ్డకట్టించి, తిరిగి ప్రాణంతో లేపడం మాత్రం ఆ తరువాత నూటడెబ్భై ఏళ్ళకుగాని సాధ్యపడలేదు. ఎందుకంటే జీవకణంలో నీరు ఉంటుంది. ఆ నీరు మంచు అయితే పలుకులు కట్టి కణం పొరను చీల్చేస్తుంది. ఫ్రిజ్ పైఅరలో టమాటా మరిచిపోయి, మర్నాడు బయటపెడితే ఏమవుతుందో మన ఇంటి ఆడవాళ్ళందరికీ తెలుసు. రూపం ఉంటుంది, బిగువు ఉండదు.

లండనులోని మిల్ హిల్ పరిశోధనాలయంలో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే ముగ్గురు ఈ చిక్కును విప్పి 1949లో ప్రకటించారు. అది జరిగిన తీరు మన గుమాస్తాలు తప్పక వినవలసినది. వారు పండ్లలో ఉండే ఒక చక్కెర ద్రావణంతో కోడిపుంజు వీర్యాన్ని గడ్డకట్టించి చూస్తున్నారు. ఫలితం లేక కొన్నాళ్ళు ఆపి, మళ్ళీ మొదలుపెట్టినప్పుడు చలిగదిలోని పాత సీసా ఒకటి తీసి వాడారు. ఈసారి వీర్యకణాలు చక్కగా బ్రతికాయి. కొత్తగా అదే చక్కెర ద్రావణం కలిపితే బ్రతకలేదు. ఇదేమి చోద్యమని పాత సీసాలో మిగిలిన కాస్త ద్రవాన్ని పరీక్ష చేయిస్తే, అందులో చక్కెరే లేదు! గ్లిసరిన్, కొంచెం ఆల్బుమిన్ ఉన్నాయి. సీసాలమీది లేబుళ్ళు తారుమారయ్యాయన్నమాట. వారి అదృష్టం బాగుండి ఆ తారుమారువల్ల లోకానికి మేలు జరిగింది. 1951లో గడ్డకట్టించిన వీర్యంతో మొదటి ఆవుదూడ పుట్టింది. లేబులు తప్పితే ప్రతిసారీ అలా మేలు జరగదని మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక మా శాఖ సంగతి. నేను ఉద్యోగంలో చేరేనాటికి చల్లబరచిన వీర్యమే వాడుకలో ఉండేది. థర్మాస్ ఫ్లాస్కులో ఐసుముక్కల మధ్య చిన్న సీసా పెట్టి ఆర్టీసీ బస్సులో పంపేవారు. రెండుమూడు రోజులలో వాడేయాలి. బస్సు తప్పితే సరుకు దండగ. ఆ తరువాత ఘనీకృత వీర్యం వచ్చింది. విశాఖపట్నం, నంద్యాల, కరీంనగర్‌లలో ఘనీకృత వీర్య కేంద్రాలు ఏర్పడ్డాయి. ఆబోతునుంచి, దున్ననుంచి సేకరించిన వీర్యాన్ని సన్నని ప్లాస్టిక్ గొట్టాలలో నింపుతారు. వాటినే స్ట్రాలు అంటాము. ఒక్కొక్క దానిలో పావు మిల్లీలీటరు. వాటిని సున్నాకు దిగువన 196 డిగ్రీల చలిలో ఉండే ద్రవ నైట్రోజనులో ముంచి ఉంచుతారు. ఆ చలిలో కాలం ఆగిపోయినట్లే. ఆబోతు చనిపోయిన పదేళ్ళకు కూడా దాని దూడ పుట్టవచ్చు.

అయితే కాలం ఆగినా నైట్రోజను ఆగదు. మూత తీసినా తీయకపోయినా అది రోజూ కొంత ఆవిరైపోతూనే ఉంటుంది. ఈ ముక్క ఒక ఆడిటరుగారికి నచ్చచెప్పడానికి మాకు రెండు రోజులు పట్టింది. "ఎవరూ వాడలేదంటారు, ఇష్యూ రిజిస్టరులో ఎంట్రీ లేదు, మరి స్టాకు ఎలా తగ్గింది?" అని ఆయన పట్టుబట్టారు. చివరకు మా డాక్టరుగారు ఆయనను స్టోరుకు తీసుకువెళ్ళి క్యాను మూత ఎత్తారు. తెల్లని పొగ బుసబుసమని పైకివచ్చి ఆయన కళ్ళజోడును కమ్మేసింది. "ఇదిగోనండీ, మీ స్టాకు ఇలా పోతోంది" అన్నారు డాక్టరుగారు. ఆడిటు పేరా రాకుండా పోయింది.

క్యానులో నైట్రోజను ఎంత ఉన్నదో చూడటానికి ఒక కొలబద్ద ఉంటుంది. దానిని లోపలికి దించి, కాసేపు ఆగి పైకి తీసి గాలిలో ఆడిస్తే, ద్రవం ఎంతవరకు ఉన్నదో అంతవరకు బద్దమీద తెల్లని మంచు పేరుకుంటుంది. ఆ గీత ఎన్ని అంగుళాలు ఉందో రిజిస్టరులో వ్రాయాలి. తగ్గితే నింపాలి. ఆలస్యమై క్యాను ఎండిపోయిందా, లోపలి వీర్యమంతా చచ్చిపోతుంది. ఇక్కడ ఉన్న పెద్ద చిక్కు ఏమిటంటే, చచ్చిన స్ట్రా, బ్రతికిన స్ట్రా కంటికి ఒకేలాగ ఉంటాయి. క్యానును తిరిగి నింపితే రెండూ గడ్డకట్టే ఉంటాయి. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తేగాని తేడా తెలియదు.

ఒకచోట అలాగే జరిగింది. ఊరు పేరు అనవసరం. సరఫరా లారీ రాక క్యాను ఎండింది, వారం తరువాత వచ్చి నింపారు. మధ్యలో ఎండిన సంగతి ఎవరూ వ్రాయలేదు. ఆ స్ట్రాలతో సూది వేయించిన గేదెలు ఒక్కటీ చూడి కట్టలేదు. ఇరవై ఒక్క రోజులకు మళ్ళీ ఎదకు వచ్చాయి. ఒకే గేదెమీద బ్రతుకుతున్న ఒక పెద్దావిడ మా ఆఫీసుకు నడిచివచ్చి, "బాబూ, రెండుసార్లు వేయించాను, రెండుసార్లూ పొర్లింది. నా గేదెలో లోపముందా, మీ మందులో లోపముందా?" అని అడిగింది. ఆమె చేతికి ఆరువారాల పాలు తగ్గినట్లే. రిజిస్టరులో ఒక ఎంట్రీ ఖరీదు అది.

ఇప్పుడు కుందేలు దగ్గరకు వద్దాము. శాస్త్రజ్ఞులకు కుందేలు ఎంతో ఇష్టమైన ప్రాణి. 1890లో వాల్టర్ హీప్ అనే ఆంగ్లేయుడు ఒక జాతి కుందేలు పిండాలను మరో జాతి కుందేలు గర్భంలోకి మార్చి పిల్లలను పుట్టించాడు. 1959లో అమెరికాలో చాంగ్ అనే శాస్త్రజ్ఞుడు కుందేలు అండాన్ని శరీరం వెలుపల ఫలదీకరణం చేయించి పిల్లలను పుట్టించాడు. ఈనాటి టెస్ట్ ట్యూబ్ బిడ్డలకు బాట వేసిన పనులలో అదొకటి. ఇంతటి కుందేలు వీర్యాన్ని గడ్డకట్టించడం దగ్గర మాత్రం సులువుగా లొంగలేదు.

ఆబోతు వీర్యాన్ని కాపాడిన గ్లిసరిన్ కుందేలు వీర్యానికి అంతగా పడదు. అందుకని శాస్త్రజ్ఞులు డి.ఎం.ఎస్.ఓ. అనే మరో రసాయనాన్ని, దానితోపాటు చక్కెరను, కోడిగుడ్డు పచ్చసొనను కలిపి వాడుతూ వచ్చారు. పద్ధతి ఇలా ఉంటుంది. మగ కుందేలునుంచి వీర్యాన్ని వెచ్చని నీటి తొడుగు ఉన్న గొట్టంలో పడతారు. అది ఒక మిల్లీలీటరు, లేదా అంతకు తక్కువ. అందులో జిగురుముద్ద ఉంటే తీసివేస్తారు. మైక్రోస్కోపు కింద కదలిక చూస్తారు. ద్రావణం కలిపి మెల్లమెల్లగా 5 డిగ్రీలకు చల్లారుస్తారు. స్ట్రాలలో నింపి, నైట్రోజను ఆవిరిలో కొన్ని నిమిషాలు ఉంచి, తరువాత ద్రవంలో ముంచుతారు. వాడేటప్పుడు వెచ్చని నీటిలో కొద్ది సెకన్లు ఉంచి కరిగిస్తారు. ఇంతచేసినా తాజా వీర్యంతో వచ్చినంత ఫలితం సాధారణంగా రాదు. చూడి కట్టేవి తగ్గుతాయి, కట్టినవాటికి పిల్లలూ తగ్గుతాయి.

ఇంకొక విశేషం ఉంది. ఆవుకు, గేదెకు ఎద వస్తుంది, దాని లెక్కన సూది వేయిస్తాము. కుందేలుకు ఆ లెక్క వర్తించదు. మగదానితో కలిసిన తరువాత పది పన్నెండు గంటలకు అండాలు విడుదలవుతాయి. మగది లేకుండా వీర్యం మాత్రం ఎక్కిస్తే అండం విడుదల కాదు. కనుక దానికి తోడు ఒక హార్మోను ఇంజెక్షను కూడా ఇవ్వాలి. అంటే కరపత్రంలో బొమ్మ వేసినట్లు స్ట్రా ఒక్కటీ ఉంటే పని జరగదు.

మరి కుందేళ్ళలో కృత్రిమ గర్భోత్పత్తి ఎక్కడా లేదా అంటే, ఉంది. స్పెయిన్, ఫ్రాన్సు, ఇటలీ దేశాల పెద్ద ఫారాలలో 1980ల చివరినుంచి బాగా వ్యాపించింది. వందలాది ఆడ కుందేళ్ళకు ఒకే రోజున వేసేస్తే అన్నీ ఒకేసారి ఈనుతాయి, పని ఒక క్రమంలో సాగుతుంది. అయితే అక్కడ వ్యాపార ఫారాలు వాడేది గడ్డకట్టించిన వీర్యం కాదు, తాజా వీర్యం. దానిని పలచన చేసి 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంచి, ఒకటి రెండు రోజులలో వాడేస్తారు. మా పాత థర్మాస్ ఫ్లాస్కు, ఆర్టీసీ బస్సు పద్ధతే అనుకోండి. కుందేళ్ళ వ్యాపారంలో ఆరితేరిన దేశాలే తమ ఫారాలలో రోజువారీ పనికి తాజా వీర్యం వాడుకుంటూ ఉంటే, మన ఊరి షెడ్డుకు ఘనీకృత వీర్యం ఎందుకు అవసరమైంది? ఇది మొదటి ప్రశ్న.

గడ్డకట్టించిన కుందేలు వీర్యం ఎందుకూ పనికిరాదని నేననడం లేదు. దాని ఉపయోగం వేరు. కుందేళ్ళకు మిక్సోమటోసిస్ అని ఒక జబ్బు ఉంది. 1952లో ఒక పెద్దమనిషి తన తోటలో కుందేళ్ళు ఎక్కువయ్యాయని ఫ్రాన్సులో దానిని వదిలితే, అది ఐరోపా అంతటా పాకింది. రక్తస్రావపు జబ్బు మరొకటి. 1984లో చైనాలో బయటపడింది. దానిలోనే కొత్తరకం 2010లో ఫ్రాన్సులో కనిపించి దేశదేశాలకు వ్యాపించింది. అటువంటి జబ్బు వచ్చి ఒక జాతి తుడిచిపెట్టుకుపోతే తిరిగి నిలబెట్టుకోవడానికి వీర్యాన్ని, పిండాలను గడ్డకట్టించి దాచుకుంటారు. ఫ్రాన్సు 1999లో ఇందుకోసం జాతీయస్థాయిలో ఒక భాండాగారాన్నే ఏర్పాటు చేసుకొంది. మన భాషలో చెప్పాలంటే తాజా వీర్యం నెలజీతం, ఘనీకృత వీర్యం జి.పి.ఎఫ్. ఆపదకు దాచుకొనేది. జి.పి.ఎఫ్. చూపించి "నెలనెలా లాభం" అన్నవాడిని మనం నమ్ముతామా?

ఇక లెక్క. ఆబోతునుంచి ఒక్కసారి తీసిన వీర్యంతో కొన్ని వందల స్ట్రాలు తయారవుతాయి. కనుక నైట్రోజను, క్యాను, లారీ ఖర్చు గిట్టుబాటవుతుంది. కుందేలునుంచి ఒక్కసారి తీసిన తాజా వీర్యం సుమారు పది నుంచి ఇరవై ఆడవాటికి సరిపోతుంది. గడ్డకట్టిస్తే కణాలు చాలా చస్తాయి కనుక మోతాదుకు ఎక్కువ పెట్టాలి, స్ట్రాలు ఇంకా తగ్గుతాయి. మరోవైపు చూడండి. చిన్న పెంపకంలో పది ఆడవాటికి ఒక్క మగ కుందేలు చాలు. ఆడదానిని మగదాని పంజరంలోకి తీసుకువెళితే నిమిషాలలో పని అయిపోతుంది. ముప్పై ఒక్క రోజులకు ఈనుతుంది. గుప్పెడు గడ్డి, కాస్త దాణా తిని, ఖర్చులేకుండా చేసే ఆ మగ కుందేలును మానిపించి, ఆ పనికి విదేశీ స్ట్రా, నైట్రోజను, హార్మోను ఇంజెక్షను ఎవరు పెడతారు? లాభం కోసం పెంచేవాడు పెట్టడు. కరపత్రం అచ్చువేసేవాడు పెడతాడు.

మీకు ఇదంతా ఊహ అనిపించవచ్చు. కనుక నేను కళ్ళారా చూసినది చెబుతాను. మరో శాఖలో పనిచేసి రిటైరైన ఒక మిత్రుడు, ఇప్పుడు కీర్తిశేషులు, గ్రాట్యుటీలో సగం ఇటువంటి పథకంలోనే పెట్టారు. సంస్థ పేరు చెప్పను. నాలుగు నెలలు చెక్కులు వచ్చాయి. ఐదో నెలలో ఆగిపోయాయి. ఆయన శ్రీమతి మా ఇంటికి వచ్చి, "అన్నయ్యగారూ, అడిగితే షెడ్డులో చలిపెట్టె ఉంది, అందులోనే లక్షల సరుకు ఉంది అంటున్నారు. మీరొకసారి చూసి చెబుతారా?" అని అడిగారు. మర్నాడు ముగ్గురం కలిసి వెళ్ళాము.

రేకుల షెడ్డు. రోహిణీకార్తె ఎండ. ముప్పై పంజరాలలో కుందేళ్ళు నాలుకలు వెళ్ళబెట్టి రొప్పుతున్నాయి. ముప్పై డిగ్రీలు దాటితే మగ కుందేలు వీర్యం క్షీణిస్తుందని అంటారు. అక్కడ నలభై పైనే ఉంది. మూలన మా స్టోరులో ఉండేటటువంటి క్యానే ఒకటి ఉంది. "మూత తీయవచ్చునా?" అని అడిగాను. కాపలా కుర్రవాడు తీశాడు. పొగ రాలేదు. పక్కనే ఉన్న బద్దను లోపలికి దించి, ఆగి, తీసి ఆడించాను. బద్ద పొడిగా వచ్చింది. మంచు గీత లేదు. లోపల స్ట్రాలున్న మాట నిజమే. ఒకటి తీసి వెలుతురులో చూశాను. మన కేంద్రాలలో తయారైన స్ట్రామీద ఏ కేంద్రం, ఏ జాతి, ఏ నంబరు ఆబోతు, ఏ తేదీ అన్నది అచ్చు వేసి ఉంటుంది. దీనిమీద ఒక్క అక్షరం లేదు. రిజిస్టరు చూపమంటే అటువంటిది లేదన్నాడు.

వారి మేనేజరుతో ఫోనులో మాట్లాడితే, అది కొత్తరకం క్యానని, నైట్రోజను అక్కరలేదని వాదించాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్లు చివరిదాకా అదే మాట. తిరుగు ప్రయాణంలో మా మిత్రుడు ఏమీ మాట్లాడలేదు. ఆవిడ మాత్రం, "పోనీలెండి, ఉన్నదేదో తెలిసింది" అన్నారు. ఆ ఏడాది చేయించుకోవలసిన కంటి ఆపరేషను ఆవిడ రెండేళ్ళు వాయిదా వేసుకున్నారు. డబ్బు తిరిగి రాలేదు.

కనుక అటువంటి కరపత్రం మీ గడపకు వస్తే నాలుగు విషయాలు అడగండి. ఒకటి: విదేశీ వీర్యమైతే దిగుమతి పర్మిట్టు ఏది? పశువుల దిగుమతికి 1898 నాటి చట్టం ఉంది. దాని కింద వీర్యానికి కూడా కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. అది కాగితం రూపంలో ఉండేదే, నోటిమాట కాదు. రెండు: స్ట్రామీద ఏమి అచ్చై ఉంది? మూడు: నైట్రోజను రిజిస్టరు ఏది, ఎవరు నింపుతున్నారు, బిల్లులు ఏవి? నాలుగు: పిల్లలను మీరే కొంటామంటున్నారు, ఆ తరువాత మీరు ఎవరికి అమ్ముతున్నారు? ఈ నాలుగో ప్రశ్నకు జవాబు లేకపోతే, తరువాత చేరినవారి డబ్బే ముందు చేరినవారికి చెక్కుగా వస్తోందని అర్థం చేసుకోండి. ఇటువంటి అక్రమ డిపాజిట్లను నిషేధిస్తూ కేంద్రం 2019లో చట్టం చేసింది. ఇప్పటికే మోసపోయినవారు ఉంటే సిగ్గుపడి ఊరుకోకుండా పోలీసువారికి ఫిర్యాదు ఇవ్వండి. అర్జీ వ్రాసిపెట్టడానికి నేనున్నాను. అది నాకు చేతనైన పని.

మీ పిల్లలలో ఎవరికైనా కుందేళ్ళ పెంపకంమీద నిజంగానే మక్కువ ఉంటే అడ్డుపడవద్దు. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ ఉంది. కొడైకెనాల్ కొండలమీద మన్నవనూరులో దాని దక్షిణాది కేంద్రంలో మాంసపు జాతి కుందేళ్ళమీద పనిచేస్తారు. అక్కడివారిని సంప్రదించి, పది ఆడవి, ఒక మగది తెచ్చుకొని, ఒక వేసవి గడిపి చూసి, అప్పుడు పెంచుకోమనండి. అడవిలో దొరికే చెవులపిల్లిని మాత్రం తెచ్చి పెంచకూడదు, అది వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది.

మనం ఉద్యోగంలో ఉన్నంతకాలం వోచరు లేనిదే పైసా పాస్ చేయలేదు. సర్కారు డబ్బుకు చూపిన ఆ జాగ్రత్త మన సొంత డబ్బుకు కూడా చూపుదాము.